సూపర్‌ఛార్జరు చరిత్ర: ఇంజనుకు అరువు తెచ్చిన ఊపిరి

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం అనగానే మన సోదరులకు విద్యారణ్యస్వామి, కృష్ణదేవరాయలు, హంపీ రాతిరథం గుర్తుకు రావడం సహజం. అవన్నీ పండితులు సవిస్తరంగా రాసినవే. మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. చదువు మెట్రిక్యులేషనుతో సరి. రాజుల చరిత్ర జోలికి పోయే సాహసం మాకు లేదు. అందుచేత యీ సంవత్సరం వొక యంత్రం చరిత్రను పాఠక మహాశయుల ముందు పెట్టదలచాము. యంత్రమంటే రైలింజను కాదు, అది చివర వస్తుంది. ముందు మోటారు కార్లకు, అందులోనూ పందెపు కార్లకు అమర్చిన సూపర్‌ఛార్జరు అనే గాలియంత్రం కథ.

సిరిగేరిలో కూర్చొని పందెపు కార్ల ముచ్చట యెందుకయ్యా అని పెద్దలు అడగవచ్చు. కారణం వున్నది. 1953లో తుంగభద్ర ఆనకట్టలో నీరు నిలిచినది మొదలు కృష్ణా గోదావరి జిల్లాల నుండి మనవాళ్లు వచ్చి యీ సిరుగుప్ప తాలూకాలోనూ, అవతల గంగావతి, సింధనూరు ప్రాంతాలలోనూ క్యాంపులు వేసుకొని వరి పండించడం మొదలుపెట్టారు. అప్పుడు యెడ్లు, ఆయిలింజన్లు. యిప్పుడు ట్రాక్టర్లు, కోత మిషన్లు. కోతల రోజుల్లో వడ్ల లోడుతో పోయే లారీల వెనుక 'టర్బో' అని రంగులతో రాసి వుంటుంది. ఆ మాటకు అర్థమేమిటని అడిగితే కుర్రకారు "అది పెడితే ఇంజనుకు బలం పెరుగుతుందండీ" అంటారు. పాత ట్రాక్టరుకు కూడా వొకటి తెచ్చి తగిలిస్తే పోలేదా అనే మాట కూడా మా చెవిని పడుతున్నది. ఆ ప్రశ్నకు జవాబు నూరేళ్ల కిందట యూరపు పందెపు బాటల మీద దొరికింది. టర్బోకు అన్నగారు సూపర్‌ఛార్జరు. అన్నగారి అనుభవాలు తెలిస్తే తమ్ముడి సంగతి సులభంగా తెలుస్తుంది.

ముందు దాని పని చెప్పాలి. కమ్మరి కొలిమిలో బొగ్గు వుంటే చాలదు, తిత్తి వూదాలి. ఇంజను కూడా కొలిమి వంటిదే. పిస్టను కిందికి దిగేటప్పుడు సిలిండరులో యేర్పడే ఖాళీలోకి బయటి గాలి దానంతట అది చొరబడుతుంది. ఆ గాలితో కలిసిన పెట్రోలు మండి బలం పుడుతుంది. పెట్రోలు యెంత పోసినా గాలి చాలకపోతే పొగ తప్ప బలం రాదు. బయటి గాలి వొత్తిడి సముద్రమట్టాన చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. వొక గాలియంత్రం పెట్టి దానిపై యింకొక 6 పౌన్ల వొత్తిడితో గాలిని లోపలికి తోస్తే, లెక్క ప్రకారం నూటికి నలభై వంతులు యెక్కువ గాలి పోవాలి. లెక్క కాగితం మీద బాగానే వుంటుంది. అయితే గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. సైకిలు పంపు కొట్టినవారికి ఆ వేడి చేతికి తెలిసే వుంటుంది. పైగా గాలియంత్రాన్ని తిప్పే శక్తి కూడా ఆ ఇంజనే యివ్వాలి. అంటే వచ్చిన ఆదాయంలో కొంత వడ్డీకి పోతుందన్నమాట.

యీ గాలియంత్రం పుట్టింది కారు కోసం కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో కానర్స్‌విల్ అనే చిన్న వూరు. అక్కడ రూట్స్ అనే యింటిపేరుగల అన్నదమ్ములు, ఫిలాండరు, ఫ్రాన్సిస్, వొక వున్ని మిల్లు నడిపేవారు. మిల్లుకు నీటిచక్రం బాగా పని చేయడం లేదని దానికి బదులుగా యేదో కొత్త చక్రం కనిపెట్టబోయారు. నీటికి అది పెద్దగా వుపయోగపడలేదు గాని గాలిని మాత్రం బ్రహ్మాండంగా తోసింది. 1860లో పేటెంటు తీసుకొన్నారు. యినుము కరిగించే కొలుములకు, గనులలోకి గాలి పంపడానికి అది వాడుకలోకి వచ్చింది. కాలువ నీటి మీద బ్రతుకుతూ, రైసుమిల్లుల బ్లోయరు మోత వింటూ వుండే మనకు యీ కథ వింతగా తోచదని మా నమ్మకం.

దాని నిర్మాణం తమాషా అయినది. వొక యినుప పెట్టెలో రెండు రోటర్లు పక్కపక్కన తిరుగుతూ వుంటాయి. వొక్కొక్కటి యెనిమిది అంకె ఆకారంలో వుంటుంది. రెండూ వొకదాని నడుములో మరొకటి వొదిగి తిరుగుతాయి గాని వొకదానినొకటి తాకవు, పెట్టె గోడను కూడా తాకవు. మధ్య సందు అంగుళంలో కొన్ని వెయ్యోవంతులు మాత్రమే. వాటిని అలా తాకకుండా తిప్పేవి చివరన వున్న వొక జత పళ్లచక్రాలు. యీ పళ్లచక్రాల సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది గనుక జ్ఞాపకం వుంచుకోవలెను.

జర్మనీలో గాట్లీబ్ డైమ్లరు 1885లోనే ఇంజనులోకి గాలిని బలవంతంగా పంపే వుపాయానికి పేటెంటు పొందాడు. 1908లో అమెరికాలో చాడ్విక్ అనే కారు గాలియంత్రంతో కొండయెక్కే పందెంలో దిగింది. కాని అసలు అవసరం వచ్చింది విమానాలకు. యెత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడి ఇంజనుకు ఊపిరి ఆడదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ బాధకు మందుగా యీ యంత్రాన్ని పరీక్షించారు. యుద్ధం ముగిసిన పిమ్మట ఆ జ్ఞానమంతా కార్లలోకి దిగింది. 1921లో బెర్లిను ప్రదర్శనలో మెర్సిడెస్ వారు సూపర్‌ఛార్జరు కార్లను చూపించారు. వారి పద్ధతిలో గాలియంత్రం యెల్లప్పుడూ తిరగదు. యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే క్లచ్చి పట్టుకొని తిరుగుతుంది, అప్పుడు పెద్ద కేక వేస్తుంది. కారు పేరు కూడా 6/25/40 అని మూడు అంకెలతో వుండేది. మొదటిది పన్ను లెక్క, రెండవది మామూలు అశ్వశక్తి, మూడవది కేక వేసినప్పటి అశ్వశక్తి. గుమాస్తాలకు నచ్చే పేరు!

1923లో ఇటలీలోని మోంజాలో సలమానో నడిపిన ఫియట్ కారు గ్రాండ్ ప్రీ గెలిచింది. సూపర్‌ఛార్జరు కారు గ్రాండ్ ప్రీ గెలవడం అదే మొదలు. మరుసటి యేడు ఇంగ్లండు సన్‌బీమ్ వారు వొక చిన్న మార్పు చేశారు. అంతవరకు గాలియంత్రం కార్బురేటరు లోనికి వూదేది. వారు కార్బురేటరును ముందు పెట్టి, పెట్రోలు కలిసిన గాలిని గాలియంత్రం పీల్చేటట్లు చేశారు. పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు చల్లదనం పుడుతుంది గనుక గాలి వేడి తగ్గి బలం పెరిగింది. తరువాతి పందెపు కార్లు చాలావరకు యీ బాటే పట్టాయి.

యిక బెంట్లీ కథ. మా వ్యాసానికి గుండెకాయ యిదే.

ఇంగ్లండులో డబ్ల్యు. ఓ. బెంట్లీ అనే ఇంజనీరు గట్టి కార్లు కట్టేవాడు. ఆయన మతం వొక్కటే: యెక్కువ బలం కావాలంటే యింకా పెద్ద ఇంజను కట్టండి. ఆయన కార్లు నడిపే పందెగాడు హెన్రీ బిర్కిన్, లోకం టిమ్ అని పిలిచేది. బిర్కిన్ మతం వేరు. వున్న నాలుగున్నర లీటర్ల ఇంజనుకే సూపర్‌ఛార్జరు తగిలిద్దామన్నాడు. బెంట్లీ వొప్పుకోలేదు. తన ఇంజను స్వభావానికి అది విరుద్ధమని ఆయన అభిప్రాయం. కాని అప్పటికి కంపెనీ పగ్గాలు పెట్టుబడి పెట్టిన వూల్ఫ్ బర్నాటో చేతిలో వున్నవి. ఆయన బిర్కిన్ వైపు మొగ్గాడు. డొరొతీ పేజెట్ అనే ధనవంతురాలు పందెపు జట్టుకు డబ్బు యిచ్చింది. ఏమ్‌హర్స్ట్ విల్లియర్స్ అనే ఇంజనీరు గాలియంత్రాన్ని తయారు చేశాడు. రూట్స్ జాతిదే. అంత పెద్ద యంత్రాన్ని పెట్టడానికి బానెట్టు కింద చోటు లేక రేడియేటరుకు ముందు, బంపరు దగ్గర, క్రాంకుషాఫ్టు కొసకు తగిలించారు. యీనాటికీ బొమ్మలలో ఆ కారును గుర్తుపట్టేది ముందుకు పొడుచుకువచ్చిన ఆ పెట్టెతోనే. లెమాన్ పందెం నిబంధన కోసం యాభై కార్లు కట్టారు. మామూలు ఇంజను 110 అశ్వశక్తులు యిచ్చేది, గాలియంత్రంతో 175 వచ్చాయి. పందెపు కార్లలో 240 దాకా లాగారు.

1930 జూను. లెమాన్‌లో యిరవైనాలుగు గంటల పందెం. జర్మనీ నుండి కరచియోలా వొక మెర్సిడెస్‌తో వచ్చాడు, దానికీ సూపర్‌ఛార్జరు వున్నది. బిర్కిన్ మొదటినుండీ దాన్ని తరిమాడు. వెనుక టైరు తొడుగు వూడిపోతున్నా వెనుకంజ వేయలేదు. రాత్రిపూట మెర్సిడెస్ కరెంటు లోపంతో ఆగిపోయింది. కాని గాలియంత్రపు బెంట్లీలు రెండూ కూడా ఇంజను తట్టుకోలేక పందెం ముగియకుండానే నిలిచిపోయినవి. గెలిచింది యెవరు? గాలియంత్రం లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ. నడిపినవారు బర్నాటో, కిడ్‌స్టన్. రెండవ స్థానం కూడా అటువంటి కారుకే. తాను వద్దన్న కారు ఆగి, తాను కట్టిన కారు గెలిచిన ఆ రోజున బెంట్లీగారి మనసులో యేముందో మనం వూహించుకోవలసినదే. అదే సంవత్సరం పో నగరంలో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బిర్కిన్ అంత బరువైన కారుతో చిన్న చిన్న బుగాటీల మధ్య రెండవ స్థానం తెచ్చుకొన్నాడు. ఆ ఘనతను తక్కువ చేయరాదు. అయినా డొరొతీ పేజెట్ ఆ యేటి చివరకు జట్టునుండి తప్పుకొన్నది. 1931లో బెంట్లీ కంపెనీ అప్పులలో మునిగి రోల్స్‌రాయిస్ వారి వశమైనది.

యింతవరకు చదివి గాలియంత్రమే చెడ్డదని తేల్చుకొంటే పొరపాటు. 1931లో యిదే బిర్కిన్ ఎర్ల్ హౌతో కలిసి లెమాన్ గెలిచాడు. యే కారులో? ఆల్ఫా రోమియో 8సి 2300లో. అది సూపర్‌ఛార్జరు కారే! 1931 నుండి 1934 దాకా నాలుగేళ్లు వరుసగా ఆ కారే గెలిచింది. తేడా యెక్కడ వున్నది? ఆల్ఫాను గీసిన విత్తోరియో యానో మొదటి గీత గీసినప్పుడే గాలియంత్రాన్ని ఇంజనులో భాగంగా తలచాడు. యెనిమిది సిలిండర్లను నాలుగు నాలుగుగా విడదీసి నడుమ పళ్లచక్రాల వరుస పెట్టి, దానితోనే గాలియంత్రాన్ని తిప్పాడు. పిస్టన్లు, బేరింగులు, చల్లదనం అన్నీ ఆ బరువుకు తగినట్లు లెక్క వేశాడు. బెంట్లీకి మాత్రం గాలియంత్రం పెళ్లి అయిన పదేళ్లకు వచ్చిన యిల్లరికపు అల్లుడి వంటిది. యింటివారికి యిష్టం లేదు, యింట్లో చోటు లేదు, వాకిట్లో మంచం వేశారు.

మన దేశానికి కూడా యిటువంటి కార్ల వాసన సోకకపోలేదు. ఇందోరు మహారాజా యశ్వంతరావు హోల్కరుగారి కోసం డ్యూసెన్‌బర్గ్ ఎస్.జె. కారు వొకటి 1936 ప్రాంతంలో తయారైంది. ఇంజను అమెరికాది, వొళ్లు లండనులో గర్నీ నట్టింగ్ వారు కట్టినది. మామూలు డ్యూసెన్‌బర్గ్ 265 అశ్వశక్తులదైతే, సూపర్‌ఛార్జరు పెట్టినది 320 అశ్వశక్తులదని కంపెనీవారు ప్రకటించుకొన్నారు. దాని గాలియంత్రం రూట్స్ జాతి కాదు, ఫ్యాను వలె గిరగిర తిరిగి గాలిని విసిరే జాతి. వొక చిత్రం చెప్పాలి. డ్యూసెన్‌బర్గ్‌కు సోదర కంపెనీలైన ఆబర్న్, కార్డ్ కూడా సూపర్‌ఛార్జరు కార్లు అమ్మాయి. 1937 కార్డ్ తయారైన వూరు యేదనుకొన్నారు? ఆ కానర్స్‌విల్లే. రూట్స్ సోదరుల వూరిలో కట్టిన కారుకు రూట్స్ జాతిది కాని గాలియంత్రం!

పెద్దవారి కార్లు అలా వుండగా, మధ్యతరగతివారికి ఎమ్.జి. చిన్నకార్లు వచ్చాయి. 1087 ఘన సెంటీమీటర్ల కె3 కారుతో నువోలారి 1933లో ఉత్తర ఐర్లండులో టూరిస్టు ట్రోఫీ గెలిచాడు. రెండవ యుద్ధం తరువాత ఇంగ్లండులో మరొక వర్తకం లేచింది. ఎమ్.జి. టి.సి. వంటి మామూలు స్పోర్ట్సు కార్లకు యింటిదగ్గర అమర్చుకొనేటట్లు షారక్, మార్షల్ అనే పేర్లతో గాలియంత్రాలను బెల్టు, కప్పీ, పైపులతో సహా పెట్టెలో పెట్టి అమ్మారు. మార్షల్ రకం విమానం లోపల గాలి వొత్తిడి నిలిపే యంత్రాలు చేసేవారి తయారీ. ఆనాటి పెట్టెలు యీనాటికీ పాతకార్ల అభిమానుల చేతుల్లో తిరుగుతున్నవి. అందుచేత అమర్చే విద్య, బాగుచేసే విద్య చావలేదు.

ఆ విద్యలో మొదటి పాఠం సూపర్‌ఛార్జరును ముట్టుకోకపోవడమే. ముందు ఇంజనును పరీక్షించాలి. ప్రతి సిలిండరు కంప్రెషను కొలిచి, అన్నీ యించుమించు సమానంగా వుంటేనే ముందుకు పోవాలి. బోరు అరిగినదానికి, రింగులు పోయినదానికి గాలి యెక్కిస్తే ఆ గాలి కిందికి జారి ఆయిలును పైకి తంతుంది. తరువాత కంప్రెషను తగ్గించాలి. యిది వినేవారికి విడ్డూరంగా వుంటుంది, బలం పెంచబోతూ కంప్రెషను తగ్గించడమేమిటని. ముందే నొక్కి పంపిన గాలిని పిస్టను మళ్లీ అంతే నొక్కితే పెట్రోలు సమయానికి ముందే పేలుతుంది. టకటకమని సుత్తితో కొట్టినట్లు శబ్దం. ఆ శబ్దం కొద్దిసేపు వుంటే చాలు, పిస్టను నెత్తిన బొక్క పడుతుంది. అందుకే హెడ్డు కింద మందపు ప్యాకింగు లేదా పలక వేస్తారు. కరెంటు టైమింగును వెనక్కు తీస్తారు. పెట్రోలు పాలు పెంచుతారు. వేడిని తట్టుకొనే చల్లరకం ప్లగ్గులు వేస్తారు. యివి నాలుగూ చేసిన తరువాతనే బెల్టు యెక్కించవలెను. కప్పీ సైజు మారిస్తే వొత్తిడి మారుతుంది. చిన్న కప్పీ వేస్తే యెక్కువ బలం వస్తుందని ఆశ పుడుతుంది, అక్కడే నిగ్రహం కావాలి.

గాలియంత్రానికీ ఇంజనుకూ మధ్య పైపులో వొక స్ప్రింగు మూత తప్పక వుండాలి. కార్బురేటరు ముందున్న పద్ధతిలో ఆ పైపు నిండా పెట్రోలు కలిసిన గాలి వుంటుంది. ఇంజను యెప్పుడైనా వెనక్కు పేలితే ఆ మంట అంతా గాలియంత్రం మీద పడుతుంది. మూత తెరుచుకొంటే పెద్ద శబ్దంతో సరిపోతుంది, లేకపోతే యంత్రపు పెట్టె పగిలిపోతుంది.

ఆయిలు సంగతి మరీ సున్నితం. రూట్స్ రకంలో రోటర్లు తాకవు గనుక వాటికి ఆయిలు అక్కరలేదు, పళ్లచక్రాలకు, బేరింగులకు మాత్రం కావాలి. వాటి మధ్య వున్న సీలు పోతే ఆయిలు రోటర్ల గదిలోకి దిగి ఇంజనులో మండి ప్లగ్గులను నల్లబరుస్తుంది, సైలెన్సరు నుండి నీలిపొగ వస్తుంది. షారక్ వంటి రెక్కల రకంలో తిరిగే రెక్కలకు బొట్టు బొట్టుగా ఆయిలు అందుతూ వుండాలి. తక్కువైతే గీసుకొంటుంది, యెక్కువైతే ప్లగ్గులు చస్తాయి. యిక ముందు జ్ఞాపకం వుంచుకోమన్న పళ్లచక్రాలు. అవి అరిగి ఆట వస్తే రోటర్లు వొకదానినొకటి తాకుతాయి. వెయ్యోవంతు అంగుళాల సందు అది. రిపేరు చేసేవారు ఫీలరు గేజి పెట్టి, చేతితో మెల్లగా తిప్పుతూ, ప్రతి కోణంలోనూ సందు కొలుస్తారు. చల్లగా వున్నప్పుడు సరిపోయిన సందు వేడెక్కితే వ్యాకోచంతో తగ్గుతుందని కూడా లెక్కలో పెట్టుకోవాలి. యీ పని తొందరగల మనిషి చేయలేడు.

బెంట్లీ, బిర్కిన్‌ల తగాదా మళ్లీ 1951లో వినిపించింది. ఆనాటి గ్రాండ్ ప్రీ నిబంధన ప్రకారం సూపర్‌ఛార్జరు వుంటే ఒకటిన్నర లీటరు, లేకుంటే నాలుగున్నర లీటర్లు. ఆల్ఫా చిన్న ఇంజను అప్పటిదాకా అజేయం, కాని గాలను ఇంధనానికి రెండు మైళ్లు కూడా పోయేది కాదు. ఆ జూలైలో సిల్వర్‌స్టోన్‌లో గాలియంత్రం లేని ఫెరారీని నడిపి గొంజాలెజ్ దాన్ని వోడించాడు. ఆ యేడు చాంపియను బిరుదు ఆల్ఫా నడిపిన ఫాంజియోకే దక్కింది గాని, సంవత్సరాంతానికి ఆల్ఫావారు పోటీనుండి విరమించారు.

సూపర్‌ఛార్జరు తన వడ్డీని క్రాంకుషాఫ్టు నుండి వసూలు చేస్తుందని చెప్పాము. ఆ వడ్డీ యెందుకు, వూరికే బయటికి పోయే పొగతోనే తిప్పవచ్చునని స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే పేటెంటు పొందాడు. అదే టర్బో. వొక ఇరుసుకు వొక చివర పొగ తిప్పే చక్రం, రెండవ చివర గాలి తోసే చక్రం. డీజిలు ఇంజనులో పిస్టను నొక్కేది వుత్త గాలినే, ఇంధనం చివర వస్తుంది. కనుక పెట్రోలు వలె ముందుగా పేలే భయం లేదు. అందుకే టర్బోకు డీజిలు చక్కగా కుదిరింది. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుండి మన రైల్వేకు వచ్చి, 1964 నుండి కాశీలో తయారైన డబ్ల్యు.డి.ఎమ్.2 ఇంజనులో పదహారు సిలిండర్లు, 2600 అశ్వశక్తులు. దాని గాలి అంతా టర్బోదే. రైల్వే కాగితాలలో టర్బో సూపర్‌ఛార్జరు అనే పూర్తి పేరు నేటికీ వున్నది, పొట్టిగా టి.ఎస్.సి. అంటారు. షెడ్డులలో ఇంజను ఆపిన తరువాత ఆ చక్రం యెంతసేపు తిరిగి ఆగిందో గడియారం పెట్టి చూస్తారు. తొందరగా ఆగితే బేరింగు పట్టుకొంటున్నదని అర్థం. మన వైపు లైన్లకు కరెంటు తీగలు వచ్చినాక ఆ ఇంజన్ల సంఖ్య బాగా తగ్గింది.

బెంట్లీ కంపెనీవారు 2019లో ప్రకటించి, బిర్కిన్ కారు వొకదాన్ని విడదీసి కొలతలు తీసుకొని, ఆనాటి నమూనాలోనే పన్నెండు కార్లు కట్టారు. బెంట్లీగారు వొప్పుకోని కారునే ఆయన పేరిట మళ్లీ కట్టారన్నమాట.

మన క్యాంపుల సంగతికి వస్తే, కోత మిషన్లకు, కొత్త లారీలకు టర్బో కంపెనీవారే లెక్క వేసి పెట్టినది గనుక దిగులు లేదు. అది యానో పద్ధతి. పాత ట్రాక్టరుకు వేరేచోట విప్పి తెచ్చిన టర్బో తగిలించి, డీజిలు పంపును యెక్కువ పోసేటట్లు తిప్పడం బిర్కిన్ పద్ధతి. బిర్కిన్‌కు వెనుక డొరొతీ పేజెట్ డబ్బు వున్నది. పాత ఇంజను కంప్రెషను కొలిపించకుండా, పిస్టన్లు, ప్యాకింగు, రేడియేటరు ఆ వేడికి ఆగుతాయో లేదో చూపించకుండా ఆ పనికి దిగవద్దని మా మనవి. టర్బో వున్న బండిని రోజంతా పొలంలో నడిపి వెంటనే తాళం తీయరాదు. ఇంజను ఆగితే ఆయిలు ఆగుతుంది. చక్రం మాత్రం యింకా వేడిమీద తిరుగుతూనే వుంటుంది, మిగిలిన ఆయిలు ఇరుసు మీద మాడి మసి కడుతుంది. రెండు మూడు నిమిషాలు వుత్తగా తిరగనిచ్చి, అప్పుడు ఆపవలెను. గాలి ఫిల్టరును మాత్రం కోతల రోజుల్లో, మన వడ్ల దుమ్ములో, ప్రతి సాయంకాలం విప్పి దులపవలసిందే.